బాగేపల్లి కొసన భూమి తీగ

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకైతే అసలే చెప్పలేదు. మా ఆయన నోరు చెడ్డదే గానీ మనసు మంచిదని ఆమె ఇన్నేళ్ళుగా చుట్టాలందరికీ చెప్పుకుంటూ వస్తోంది. ఆ మాట మొదలుపెట్టిందంటే నేను లేచి పెరట్లోకి పోతాను. నోరు చెడ్డదన్నది నిజమే. రెండోదాని సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

యాభైల చివరి మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మాది చింతామణి, బజార్లో నూనెల అంగడి. ఆ డబ్బాల మధ్య కూర్చోనని మొండికేసి బెంగళూరు పోయి డిప్లొమా చదివి, తంతి లైన్లు, అంటే టెలిగ్రాఫ్ తీగలు వేసే పనిలో సూపర్‌వైజరునై వచ్చాను. మా అమ్మకు ఆ మాట నోరు తిరిగేది కాదు. అయినా బావి దగ్గర కనిపించిన వాళ్ళందరికీ చెప్పి వచ్చేది. ముక్కు మీద కోపం ముందే ఉంది, దానికి ఈ ఉద్యోగం తోడైంది. నా ఎదురుగా ఎవరైనా ‘అట్ల కాదప్పా’ అంటే చాలు, ఒళ్ళు మండిపోయేది.

నాకిచ్చిన మొదటి పెద్ద పని చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికి తంతి లైను. మధ్యలో పేరేసంద్ర. మూడు ఊళ్ళకూ కలిపి ఒకటే ఇనుప తీగ. చిక్కబళ్ళాపురంలో బ్యాటరీలు ఉంటాయి. కరెంటు అక్కడ బయలుదేరి తీగ వెంట పేరేసంద్ర దాటి బాగేపల్లి చేరుతుంది, అక్కడ భూమిలోకి దిగి, భూమి గుండానే వెనక్కి పోతుంది. రెండో తీగ లేదు, భూమే రెండో తీగ. ఒక ఊళ్ళో మీట కొడితే మూడు ఊళ్ళలోనూ బల్ల మీద సౌండర్ అనే చిన్న యంత్రం టకటకలాడుతుంది. ప్రతి ఊరికీ రెండక్షరాల పిలుపు పెట్టాం. మన పిలుపు వస్తే రాసుకోవాలి, రాకపోతే ఊరకుండాలి. ఊరకుంటాం గానీ వినకుండా ఉండలేం కదా. ఎవరికి ఏ తంతి వచ్చినా మూడు ఆఫీసులకూ తెలిసిపోయేది. ఒకరు కొడుతుండగా ఇంకొకరు చేయి పెడితే రెండూ కలిసి గందరగోళమయ్యేది. అందుకని వంతు ఎలా తీసుకోవాలో, ఎంతసేపు ఆగాలో అన్నీ నేనే రాసి, మూడు చోట్లా గోడకు అంటించాను. ఆ కాగితాలను చూసుకుని ఎంత పొంగిపోయానో చెప్పుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇలాంటి లైనుకు ప్రాణమంతా కొసలో ఉంటుంది. అక్కడ భూమి సరిగా పట్టకపోతే మిగతాదంతా ఎంత గట్టిగా కట్టినా దండగ. రాగి రేకును ఎప్పుడూ తడి ఉండే చోట లోతుగా పూడ్చాలి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోయాలి. పరీక్షలో ఈ ప్రశ్నే వచ్చింది, బాగానే రాశాను. బాగేపల్లిలో అలాంటి చోటు ఆఫీసుకు రెండు ఫర్లాంగుల దూరాన ఒక తోట కాలువ పక్కన ఉంది. అక్కడిదాకా తీగ లాగాలంటే ఇంకా స్తంభాలు కావాలి, తోట ఆసామిని ఒప్పించాలి, ఎంత లేదన్నా పది రోజులు పడుతుంది. పెద్దాఫీసరు వచ్చి లైను తెరిచే రోజు దగ్గరపడింది. నేను ఆఫీసు వెనకే గుంత తవ్వించాను. నాలుగడుగులకే బండ తగిలింది. వానాకాలం కావడంతో గుంతలో నీళ్ళు ఊరుతున్నాయి. మీటరు పెట్టి చూస్తే భేషుగ్గా చూపించింది.

గుంత తవ్వినవాడు మా లైన్‌మన్. నలభై ఏళ్ళుంటాయి. బట్లహళ్ళి నుంచి వచ్చిన రైతు. వానలు లేక మెట్ట చేను బీడుపడితే ఈ పనిలో చేరాడు. పేరేసంద్ర నుంచి బాగేపల్లిదాకా తీగ కింద వారానికి రెండుసార్లు నడవడం, తెగితే అతకడం, స్తంభాల మీద తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నెలు పగిలితే మార్చడం అతని పని. నాలుగేళ్ళుగా టెంపరరీ. గడ్డపార పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు, “ఇప్పుడంటే తడి ఉండాది. ఎండాకాలం యాడుంటాదప్పా తడి? ఆ తోట కాలవకాడికే పోదాం.”

“డిప్లొమా చదివింది నువ్వా, నేనా?” అన్నాను.

అతను నవ్వేసి మళ్ళీ గడ్డపార అందుకున్నాడు. లైను తెరిచారు. పెద్దాఫీసరు నా భుజం తట్టాడు. ఆ చలికాలమంతా లైను గంటలా మోగింది.

మరుసటి వేసవికి రెండు విషయాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, లైన్‌మన్‌ను ఖాయం చేసే జాబితాలో వేశారు, నా రిపోర్టు ఒక్కటే తక్కువ. ఖాయమైతే జీవితాంతం జీతం, తర్వాత పింఛను. కాకపోతే మళ్ళీ ఆ బీడు చేనే. రెండు, బాగేపల్లి సిగ్నలర్ సెలవు మీద పోయాడు, కొత్త మనిషి వచ్చేదాకా అక్కడ మీట ముందు నన్నే కూర్చోమన్నారు. ఆ ఏడు ఎండలు మామూలువి కావు. బావుల్లో నీళ్ళు అడుగంటి, ఒక్కొక్క బిందె కోసం ఆడవాళ్ళు వరసలో నిలబడేవాళ్ళు.

నేను పోయిన మర్నాడు పొద్దున, ఆఫీసు వెనక భూమి తీగ దిగేచోట ఉన్న రాయికి ఒకామె పసుపు పూసి, కుంకుమ పెట్టి, మీద ఒక గన్నేరు పువ్వు ఉంచి, రెండు బిందెల నీళ్ళు పోస్తోంది. లైన్‌మన్ భార్య.

“ఏమ్మా, ఇదేమన్నా గుడా?” అన్నాను.

“కాదప్పా, తంతికి నీళ్ళు పోస్తాండా.”

“తంతికి దప్పికేస్తుందా?”

“ఏస్తాదంట. మా ఇంటాయన చెప్పినాడు. దినామూ రెండు బిందెలు పోయల్ల అన్నాడు.”

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆకాశంలోకి ఉపగ్రహాలు వదులుతున్నారని పేపర్లో చదువుతున్న రోజులవి. నేను గీసిన లైనుకు, నేను పూడ్చిన రేకుకు పసుపూ కుంకుమా ఏమిటి? పై వారం పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడు. ఈ రాయిని చూస్తే నన్నేమనుకుంటాడు? నోటికొచ్చినట్టు అరిచాను. ఆ మాటలు ఇక్కడ రాయను. ఆమె ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని గోడవారగా నిలబడింది. లైన్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

“పూజ కాదప్పా అది. నీళ్ళ కోసరం...”

“నోరు మూసుకో. నాలుగేళ్ళు తీగ పట్టుకుని తిరిగి కూడా నీకు బుద్ధి రాలేదా? మళ్ళీ ఇక్కడ బిందె కనిపిస్తే నీ సంగతి చూస్తాను.”

అతను ఇంకో మాట చెప్పబోయాడు, నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆ రోజే రాయి కడిగించి చుట్టూ కంప వేయించాను. తనిఖీకి ఆవరణ శుభ్రంగా ఉందని సంతోషపడ్డాను కూడా.

నాలుగైదు రోజులకు సౌండర్ గొంతు తగ్గింది. చెవి ఆనించి వినాల్సి వచ్చింది. మరో రెండు రోజులకు ఆ కాస్తా ఆగిపోయింది. ఒకే తీగ మీద ఉన్న పాపానికి బాగేపల్లితోపాటు మిగతా రెండు ఊళ్ళూ మూగబోయాయి. నేను బస్సెక్కి పేరేసంద్ర పోయి, అక్కడే తాత్కాలికంగా భూమి తీగ కలిపి చూశాను. చిక్కబళ్ళాపురం గట్టిగా మోగింది. అంటే తప్పు పేరేసంద్రకు ఇవతల, బాగేపల్లి వైపు ఉంది. ఇంతవరకు నా లెక్క సరైనదే. బాగేపల్లి వైపు ఉన్నవి రెండే, ఒకటి లైన్‌మన్ చూసుకునే తీగ, ఇంకొకటి నేను పూడ్చిన రేకు. రెండోదాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మీటరు పెట్టి చూడ్డానికి పావుగంట పట్టేది. నేను వేసినదాన్ని నేనే అనుమానించడమా అని, ఆ పావుగంట కూడా పెట్టలేదు.

లైన్‌మన్‌ను తీగ మీదికి తోలాను. ఆ ఎండలో నిచ్చెన భుజాన వేసుకుని నాలుగు రోజులు నడిచాడు. ప్రతి స్తంభమూ ఎక్కి దిగాడు. పగిలిన గిన్నెలు రెండు మార్చాడు, అతుకులన్నీ బిగించాడు. అరచేతులు బొబ్బలెక్కి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“తీగలో ఏమీ లేదప్పా. ఒగసారి ఆ గుంతలో నీళ్ళు పోసి చూస్తామా?”

“నీ పెండ్లాం పూజ మాన్పించానని నామీద కోపమా?” అన్నాను.

పేరేసంద్ర సిగ్నలర్ బస్సు డ్రైవర్ల చేత కబుర్లు పంపుతున్నాడు, ‘సూపర్‌వైజరు గారి కొత్త లైను ఏమైందో కనుక్కోండి’ అని. ఆయన నోటికి దొరికినవాణ్ణి రెండు తాలూకాలూ నవ్వుకునేదాకా వదిలేవాడు కాదు. లైను పడిపోయిందని పెద్దాఫీసరు తనిఖీ మానుకున్నాడు. కారణం రాసి పంపమని నాకు కాగితం వచ్చింది. కూర్చుని రాశాను. లైన్‌మన్ పని మీద శ్రద్ధ పెట్టడం లేదని, మొగుడూపెళ్ళాలిద్దరూ ఆఫీసు ఆవరణలో పూజలు చేస్తూ కాలం గడుపుతున్నారని, తీగ సరిగా చూడనందువల్లే ఇలా అయిందని రాశాను. చక్కటి ఇంగ్లీషు. మధ్యాహ్నం బస్సుకు పంపేశాను. అతని ఖాయం కోసం నేను రాయాల్సిన రిపోర్టుకు బదులు పోయింది ఇదీ.

రెండు రోజుల తర్వాత సాయంత్రం నాలుగింటికి పెద్ద వాన పడింది. ఆఫీసు వసారాలో నిలబడి చూస్తున్నాను. అరగంట కురిసింది. కంప చుట్టిన చోట నీళ్ళు నిలిచి, నిదానంగా ఇంకిపోయాయి. లోపల బల్ల మీద సౌండర్ టక్కుమంది. తర్వాత ఇంకోసారి. పేరేసంద్ర సిగ్నలర్ చిక్కబళ్ళాపురాన్ని పిలుస్తున్నాడు, ఒక్కొక్క అక్షరమూ గట్టిగా వినిపిస్తోంది. తీగను ఎవరూ ముట్టుకోలేదు. లైన్‌మన్ ఇంట్లో ఉన్నాడు. అక్కడే గడప మీద కూర్చున్నాను. ఆ రెండు బిందెలు ఎందుకో అప్పుడు అర్థమైంది. పుస్తకంలో చదివి పరీక్షలో రాసినవాణ్ణి నేను. అది చేసింది వాళ్ళు. నేను తొందరపడి బండ మీద పెట్టిన రేకును, ఒక మాట బయటికి చెప్పకుండా, ఎండలు మొదలైనప్పటి నుంచి వాళ్ళే తడిపి బతికించుకుంటూ వచ్చారు.

మర్నాడు పొద్దున పది గంటలకు మా పిలుపు వచ్చింది. కాగితం దగ్గరికి లాక్కుని రాసుకోవడం మొదలుపెట్టాను. మీ రిపోర్టు చూశాం, టెంపరరీ లైన్‌మన్‌ను అశ్రద్ధ కారణంగా పనిలోంచి తీసేశాం, అందినట్టు తెలపండి. అంతే. పంపేవాడు ఆగి నా జవాబు కోసం చూస్తున్నాడు.

మీట మీద చేయి పెట్టాను. నేను కొట్టాల్సింది ఎంత? తప్పు నా భూమి తీగది, లైన్‌మన్‌ది కాదు, నా రిపోర్టు తప్పు. ఒక్క నిమిషం పని. కానీ ఆ తీగ మీద నేను కొట్టే ప్రతి అక్షరమూ పేరేసంద్రలో వినిపిస్తుంది, చిక్కబళ్ళాపురంలో అందరి ముందూ వినిపిస్తుంది. ఒక ఊరి మాట మూడు ఊళ్ళకూ వినపడేలా గీసినవాణ్ణి నేనే. పేరేసంద్ర ఆయన మొహం కళ్ళ ముందు కదిలింది. డిప్లొమా సూపర్‌వైజరుకు నీళ్ళు పోయాలని తెలీదంట అన్న మాట మధ్యాహ్నం బస్సుకే చింతామణిలో మా అంగడిదాకా పోతుంది. ‘అందింది’ అని కొట్టాను.

బస్సెక్కి పోయి పెద్దాఫీసరుకు మూసిన గదిలో చెప్పి ఉండొచ్చు. ఉత్తరం రాసి ఉండొచ్చు. అదీ చేయలేదు. రేపు చేద్దామనుకున్నాను, తర్వాత ఎల్లుండి అనుకున్నాను. పిరికితనానికి ఎన్ని సాకులైనా దొరుకుతాయి.

అతన్ని పిలిచి ఆ కాగితం చేతికిచ్చాను. నా చేతిరాతే. ఇంగ్లీషు కాబట్టి అతను దాన్ని తిప్పి నాకే ఇచ్చాడు. “ఏం రాసినారు, చదవండప్పా.”

అశ్రద్ధ అనే మాట దాటేశాను. “ఈ ఏడు ఖాయం పోస్టులు లేవంట. అందుకే నిలిపేశారు. పని మాత్రం బాగా చేశావని రాశారు” అన్నాను.

అతను ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. “పోస్టు లేకుంటే మీరు మాత్రం ఏం చేస్తారప్పా. బాగా చేసినానని రాసినారు గదా, అది చాలు” అన్నాడు. ఆ మాటకు బదులు నన్ను చెప్పు తీసుకుని కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

వాళ్ళు సామాను బండికెత్తుకునే రోజు అతని భార్య నా దగ్గరికి వచ్చింది. “పసుపు పెట్టింది నేనేప్పా, ఆయప్ప పెట్టమన్లేదు. ఈ కరువులో రెండు బిందెలు మట్టిలో పోస్తానంటే బాయికాడ ఆడోళ్ళు తోడనీలేదు. దేవుడికి అంటే ఎవురూ అడ్డం చెప్పరు గదా అని అట్ల చేసినా. మీకు అది తప్పయింది. దానికే ఆయప్ప పని పోయిందేమో అని నాకు నిద్ర పట్టల్లేదు.”

“దానికి కాదులేమ్మా” అన్నాను. దేనికో చెప్పలేదు.

వాళ్ళు పోయిన నెలకే తోట కాలువ దగ్గరికి భూమి తీగ మార్పించాను. ఆ తర్వాత ఏ వేసవిలోనూ లైను ఆగలేదు. కొస గట్టిగా ఉంటేనే లైను గట్టిగా ఉంటుందని, రేకును ఏ వేసవిలోనైనా తడి ఆరని చోటే పూడ్చాలని, వానాకాలపు మీటరును నమ్మకూడదని నాలుగు పేజీలు రాసి పంపితే మెచ్చుకున్నారు. అందులో అతని మాట ఎక్కడా రాయలేదు. చింతామణి వైపు కొత్త లైన్లన్నీ నాకే ఇచ్చారు.

మూడేళ్ళకు చింతామణి నుంచి బట్లహళ్ళికి లైను వేయడానికి పోయాను. స్తంభాల చోట్లకు గుర్తులు పెడుతుంటే ఒకరి చేలో కూలికి కలుపు తీస్తున్న మనిషి లేచి నిలబడ్డాడు. అతనే. సగమైపోయాడు. నన్ను చూసి ఎంతో సంతోషంగా వచ్చి, ఇంటికి రమ్మని పట్టుబట్టాడు. భార్య మజ్జిగ ఇచ్చింది. కుశలమడుగుతుండగానే అతను లోపలికి పోయి, పాత గుడ్డలో చుట్టిన కాగితం తెచ్చాడు.

“లైన్ పని తెలుసునని, ఇది చూపిస్తే యాడన్నా తీసుకుంటారని ఏడు సోట్ల చూపిస్తినప్పా. చింతామణిలో చూపిస్తిని, శిడ్లఘట్టలో చూపిస్తిని. చదువుతారు, నా మొగం చూస్తారు, పొమ్మంటారు. అడిగితే చెప్పరు. మీరు చదివితే నాకు నమ్మకం. ఇంగొగసారి చదవండి, ఏం లోపముండాదో.”

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. మడతల దగ్గర చిరిగిపోయి, నా అక్షరాలు మాసి ఉన్నాయి. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. అశ్రద్ధ అన్నదాన్ని తెలుగులో చెప్పాను, కన్నడంలోనూ చెప్పాను. తర్వాత వాన సంగతి, రిపోర్టు సంగతి, అందింది అని కొట్టిన సంగతి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నా కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి.

అతని భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఏడు చోట్ల చూపించాడు. ఏడు చోట్లా తన నోటితో అడిగి, తన చేత్తో నా అబద్ధాన్ని అందించాడు.

“పై వాళ్ళకు జరిగిందంతా రాస్తాను” అన్నాను. “నువ్వు పని ఎట్ల చేసినావో నీకు వేరే కాగితం రాసిస్తాను. ఇప్పుడే, ఇక్కడే కూర్చుని రాస్తాను.”

అతను నా చేతిలోంచి పాత కాగితం తీసుకున్నాడు. మడతలు జాగ్రత్తగా సరిచేసి, గుడ్డలో చుట్టి భార్యకిచ్చాడు. కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

“రాయండప్పా. రాసినంక దాంట్లో ఏముండాదో నాకెవురు చదివి చెప్పల్ల?”